మగ్గం గదికి మెరిసే రంగు

రంగుల డబ్బాలు వసారాలో వరసగా పెట్టి, ఏ గదికి ఏది కొట్టాలని అయ్యన్న అడిగాడు. అడిగింది గురప్పను. గురప్ప పక్కనే ఆయన భార్య సుబ్బక్క కూడా నిలబడి ఉంది. ఏ గోడకు చెమ్మ దిగుతుందో, ఏ గోడకు పొయ్యి పొగ కొడుతుందో, ఏ గోడకు ఎవరి తలనూనె అంటుతుందో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా అయ్యన్న చూపు ఆమె మీదుగా పోయి గురప్ప దగ్గర ఆగింది.

"నాకేం తెలుసప్పా. మావోడు ఫోన్లో జెప్పినాడు గదా నీకు, అట్లనే కొట్టు" అన్నాడు గురప్ప, పంచె మడిచి కట్టుకుంటూ.

కొడుకు సోమశేఖర్ కడపలో సిమెంటు అంగట్లో పని చేస్తాడు. ఒంటిమిట్ట రాములవారి కల్యాణం చూడడానికి అతని స్నేహితులు వస్తున్నారు. ఒంటిమిట్ట పక్కనే ఉన్న ఈ నేతగాళ్ళ ఊళ్ళో, ఈ ఇంట్లోనే దిగుతారు. అందుకని, ఏటా సుబ్బక్క సున్నంలో నీలిమందు కలిపి తన చేత్తో తనే కొట్టుకునే గోడలకు ఈ ఏడు పుట్టీ పట్టించి, రంగుల డబ్బాలు ఆటోలో పంపించాడు.

"సరే, ఇనుకోండి మల్ల" అని అయ్యన్న ఒక్కో డబ్బా మీద చెయ్యి వేసి చెప్పుకొచ్చాడు. "ఇది మ్యాట్. మెరవదు. గోడలో వంకరటింకరలుంటే కప్పేస్తాది. పడుకునే గదులకు ఇది. ఇది సాటిను, ఊరికే రవ్వంత మెరుస్తాది, హాలుకు. ఇదో, ఇది షైనింగు. అద్దం మాదిరి ఉంటాది. నూనె పడినా పసుపు పడినా తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతాది. వంటింటికి ఇది."

"మగ్గం గదికి?" అంది సుబ్బక్క.

"మిగిలిన మ్యాట్ కొట్టేస్తాలేక్కా. ఆ గదినెవురు సూస్తారు."

"నా బిడ్డ సూస్తాది. పొద్దన లేసినకాన్నుంచి మాపటేల దాకా నా బిడ్డ సూసేది ఆ గోడల్నే."

అయ్యన్న నవ్వాడు. గురప్ప నవ్వలేదు గాని విననట్టు బీడీ వెతుక్కున్నాడు. సుబ్బక్కకు ఒళ్ళు మండింది. తను నవ్వులాటకు అనలేదు. నెల రోజుల నుంచి ఆమెను ఒక భయం పట్టుకుంది, దాన్ని ఎవరికీ చెప్పుకోలేక చస్తోంది.

కూతురు చౌడేశ్వరి మగ్గం మీద కూర్చుంటే వీపు నిటారుగా ఉండేది. ఇప్పుడు వంగుతోంది. పడుగు మీదికి ముఖం దించి, ముక్కు పోగులకు తగులుతుందేమో అన్నట్టు చూస్తోంది. కిందటి చీరలో రెండు చోట్ల పోగు తప్పిందని చీరలు కొనే షావుకారు వేలు పెట్టి చూపించాడు. పసిపిల్లలకు సూదులు వేయడానికి వచ్చే నర్సమ్మ జ్ఞానమణి గుమ్మంలోనుంచే చూసి, "పిల్లను కడపకు తీస్కపోయి కండ్లు సూపించు సుబ్బక్కా" అని చెప్పి పోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి సుబ్బక్కకు అన్నం దిగడం లేదు. ఆస్పత్రికి పోతే వాళ్ళు ఊరికే పంపుతారా. ఏదో ఒకటి ఉందంటారు. మగ్గం మానుకోమంటారు. ఉండే వెలుగు కూడా మందులు పోసి ఆర్పేస్తారు. తన అక్క ఈరక్కకు అట్లనే కదా అయింది. చూపు బతికితే కళ్ళద్దాలు పెడతారు, అద్దాలు పెట్టుకున్న పిల్లను చూసి ఊరు ఏమంటుంది. ఒక్కో ఆలోచనా ఇంకో ఆలోచనను వెంటబెట్టుకుని వచ్చేది. చివరికి ఆమె తనకు తానే ఒక మాట చెప్పుకుంది. కళ్ళకేమీ లేదు. గదిలో వెలుగు లేదు, అంతే. గోడలు మెరిస్తే గది వెలుగుతుంది. గది వెలిగితే పోగు కనబడుతుంది.

"అయ్యన్నా, షైనింగు మగ్గం గదికి కొట్టు. వంటింటికి ఏదైతేనేం" అంది.

ఇప్పుడు గురప్ప కూడా నవ్వాడు. "పొయ్యికాడ మ్యాట్ కొట్టి, మగ్గంకాడ షైనింగు కొట్టుకుంటారామే ఎవురన్నా? నీకు తెలీని దాంట్లో నువ్వు తల పెట్టాకు."

ఆమె కొడుక్కు ఫోను చేసింది. అంగట్లో బేరం మీద ఉన్నాడు, వెనక సిమెంటు మూటలు దించే చప్పుడు. "మా, అయ్యన్నకు అన్నీ జెప్పినా. నువ్వు గమ్మునుండు. వంటింటికి షైనింగు కొట్టకపోతే ఆర్నెల్లకు గోడలు నల్లగవుతాయి" అన్నాడు. "మీ చెల్లెలికి వెలుగు సాల్లేదు నాయనా" అంది. "ఒక బల్బు ఎక్కువ ఎయ్యమను నాయన్ను" అని పెట్టేశాడు.

బల్బు. కరెంటు తీగ పడుగు పైన వేలాడితే, అది ఒకనాడు తెగి పత్తి నూలు మీద పడితే. సుబ్బక్క ఆ బల్బును అక్కడికక్కడే మనసులో ఆర్పేసింది.

మరుసటి రోజు గురప్ప రాజంపేట పోయాడు, నూలు తెచ్చుకోవడానికి. అయ్యన్న హాలు ముగించి వంటింట్లోకి నిచ్చెన దింపాడు. దిన్నెల మీది గిన్నెలన్నీ సుబ్బక్క పెరట్లోకి మోసింది. నిచ్చెన ఎక్కిన మనిషి జారి పడితే, టర్పెంటు డబ్బా పొయ్యి దగ్గర పెట్టాడే, నిప్పంటుకుంటే, అని ప్రతి మోతకూ ఒకసారి లోపలికి తొంగి చూసింది. అయ్యన్న బయటికొచ్చి షైనింగు డబ్బా కోసం వెతికాడు. వసారాలో లేదు. హాల్లో లేదు. మగ్గం గది గుమ్మంలో సుబ్బక్క డబ్బా మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది.

"ల్యాయక్కా."

"గోడకు కొడ్తానంటే లేస్తా."

"ఏమక్కా నువ్వు. మీవోడు నన్నడుగుతాడు."

"నన్నడగమను. నా ఇల్లు గాదా ఇది? నేనేమన్నా దావన పొయ్యేదాన్నా? ఇన్నేండ్లు ఈ గోడలకు సున్నం కొట్టింది ఎవురు, మీ సోమశేఖరుడా?"

అయ్యన్న తల గోక్కున్నాడు. పొద్దు నెత్తికెక్కుతోంది. పక్క ఊళ్ళో ఇంకో ఇల్లు కాచుకుని ఉంది. "సరే ల్యా. మీరూ మీరూ కొట్లాడుకుంటే మద్దెన నన్ను పిలవాకండి" అన్నాడు.

మగ్గాన్ని చౌడేశ్వరే కప్పింది. పడుగు మీద ముందు పాత పంచెలు రెండు పరిచి, పైన ప్లాస్టిక్ పట్ట వేసి, అంచులను గుంట చుట్టూ రాళ్ళు పెట్టి అణిచింది. కాళ్ళు పెట్టే గుంటలోకి కూడా చుక్క పడకుండా గోనె తట్టు దింపింది. ఆ పని చేస్తూనే, గోడ వైపు చూసి, "మా" అంది. "ఈ రంగు కొడితే..."

"నువ్వుండుమే. నీకేం తెల్దు. నీకోసరమే కదా ఈళ్ళందరితోనూ పోట్లాడ్తాండేది."

"అది గాదుమా, ఎండ పడినప్పుడు..."

"ఎండ పడాలనే కదా. పో, అయ్యన్నకు మజ్జిగ కలుపుకొని రాపో."

చౌడేశ్వరి పోయింది. గోడకు అయ్యన్న బ్రష్షు ఆనించాడు. లేత పసుపు. తడి మీద ఆ గోడ అప్పుడే కడిగిన పళ్ళెంలా మెరిసింది. సుబ్బక్క కొంగుతో ముక్కు మూసుకుని, వాసన తలకెక్కుతున్నా కదలకుండా చూస్తూ నిలబడింది. మూలలు కూడా వదలొద్దంది. దూలం కింద కూడా అంది. కిటికీ పక్కన చారెడు వదిలితే వేలు పెట్టి చూపించింది. ఈ ఇంట్లో తన మాట నెగ్గిన గోడలు ఇవే.

సాయంత్రం గురప్ప వచ్చి నూలు మూట దించి చూశాడు. వంటింట్లో గోడలు సున్నంలా మసకగా ఉన్నాయి, మగ్గం గది అద్దాల అంగడిలా ఉంది. ఆయన అరవలేదు. మూట మీదే కూర్చుని, "దుడ్లు పెట్టినోనికి జవాబు నువ్వే జెప్పుకో" అన్నాడు. రంగు ఆరేదాకా రెండు రోజులు మగ్గం ఆగింది. ఆ రెండు రోజులూ ఆయన ఆమెతో ఆ ఒక్క మాటే నాలుగు రకాలుగా చెప్పాడు. ఆమె అన్నం పెట్టినప్పుడు చెప్పాడు, పెట్టనప్పుడు చెప్పాడు. దానికి తోడు, తిరగమోత వేసేటప్పుడు నూనె చిట్లి పొయ్యి వెనక కొత్త గోడకు పసుపు చుక్కలు పడ్డాయి. తడిగుడ్డ పెట్టి రుద్దితే చుక్కలు పోయే బదులు అరచేతి వెడల్పు మరకయింది. సుబ్బక్క దాని ముందుకు ఉప్పు జాడీ జరిపింది. జాడీ పొట్టిది, మరక పైకి కనబడుతూనే ఉంది.

"సూసినావా" అన్నాడు గురప్ప వెనకనుంచి.

"సూసినాలే. నాకు కండ్లుండాయి."

"ఉంటే బిడ్డ కండ్లు సూపిచ్చు. నర్సమ్మ జెప్పి ఎన్నాళ్ళాయ."

"మా ఈరక్కకు ఏమాయ? ఆస్పత్రికి పోయినంకనే కదా కంటిసూపు పోయింది."

"పోయినంక గాదు. పోకుండా పోకుండా ఆకర్న పోతే అట్లాయ."

సుబ్బక్క గరిటెతో పప్పును అవసరం లేకపోయినా తిప్పింది.

మూడో రోజు పొద్దున చౌడేశ్వరి పట్ట తీసి, పంచెలు మడిచి పెట్టి, గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంది. తూర్పు గుమ్మంలోనుంచి ఎండ లోపలికి వచ్చింది. నిజంగానే గది వెలిగిపోయింది. సుబ్బక్క గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని, ఆ వెలుగు చూసి, ఎన్నో రోజుల తర్వాత ఊపిరి నిండా పీల్చుకుంది. నూలు కండె పెట్టిన నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది. పోగును బిగించే పలక చప్పుడు తాళం తప్పకుండా వస్తోంది. ఆమెకు అది చాలు. రాట్నం పక్కకు పెట్టి, నీళ్ళకు పోయింది.

బిందెతో తిరిగొచ్చేసరికి పలక చప్పుడు ఆగి ఉంది. చౌడేశ్వరి స్టూలు ఎక్కి, మగ్గానికి ఎదుటి గోడకు పాత చీర ఒకటి కడుతోంది. రెండు మేకులకు ఇప్పటికే కొసలు ముడివేసి ఉన్నాయి. కొత్త గోడలో దిగిన మేకుల చుట్టూ రంగు పెచ్చు లేచింది.

సుబ్బక్క బిందె కూడా దించలేదు. "ఏం జేస్తాండావే నువ్వు?"

"ఏం ల్యా మా. రవ్వంత కప్పుతాండా."

"గొంతు సించుకొని కొట్టిచ్చినా ఆ రంగు. మీ నాయనతో మాటలు పడినా, మీ అన్నతో పడినా, ఆ అయ్యన్న గాడు నన్ను జూసి ఊరంతా నవ్వుకుంటాండాడు. మేకులు కొడ్తావా నువ్వు దానికి? పాత గుడ్డ కప్పుతావా?"

చౌడేశ్వరి స్టూలు దిగింది. ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే సుబ్బక్కకు ఎక్కువ కాలింది. బిందె ఠక్కుమని దించి, చీరను ఒక్క లాగు లాగి కింద పడేసింది. "ఇంత వెలుగులో నేయలేక ఏమొచ్చింది నీకు. జరుగు. నేను నేసి సూపిస్తా."

మోకాళ్ళ నొప్పులతో ఆమె మగ్గం ఎక్కి ఏడాది దాటింది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని మెల్లగా గుంటలోకి కాళ్ళు దించింది. తొక్కుడు చెక్కలు పాదాలకు తగిలాయి, పాదాలకు అవి గుర్తున్నాయి. నాడె తాడు పట్టుకుంది. తలెత్తి పడుగు వైపు చూసింది.

ఎదుటి గోడ కంట్లో పడింది. గోడ కాదు, గోడలోనుంచి ఎండ. గుమ్మంలోనుంచి వచ్చిన వెలుగంతా ఆ పసుపు మీద జారి, తిన్నగా ఆమె ముఖం మీదికి తిరిగొచ్చింది. రెప్పలు వాటంతటవే మూసుకున్నాయి. తెరిస్తే, చేతుల కింద పడుగు లేదు. తెల్లటి వెలుగు పరుపులా ఉంది, అందులో పోగు ఎక్కడుందో తెలియడం లేదు. అయినా పౌరుషానికి నాడె లాగింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి ఏదో పట్టుకున్నట్టయింది, విదిలిస్తే టప్పుమని పోగు తెగింది.

ఆమె వంగింది. తెగిన కొస కోసం వెతికింది. కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. ముఖం ఇంకా దించింది, ముక్కు పోగులకు తగిలేదాకా. అప్పుడు తను ఎట్లా వంగి ఉందో ఆమెకు తెలిసింది. ఇదే వంపు, నెల రోజులుగా గడప దగ్గర కూర్చుని తను చూస్తున్న వంపు.

"ఉండు, నేనతుకుతా" అంది చౌడేశ్వరి.

పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది. వేళ్ళు పడుగు మీద మెత్తగా నడిచాయి, ఒక్కో పోగునూ మీటుకుంటూ. ఒక చోట ఆగాయి. రెండు కొసలనూ పైకి తీసి, బొటనవేలు చూపుడువేలు మధ్య మెలిపెట్టి, ముడి నొక్కి, దువ్వెనలాంటి అచ్చు పళ్ళ మధ్యకు తోసి బిగించాయి. పోగు మళ్ళీ నిలబడింది.

ఎండకు నీళ్ళు కారుతున్న కళ్ళతో సుబ్బక్క చూసింది ఆ వేళ్ళను కాదు. కూతురి ముఖాన్ని. ఆ పని జరుగుతున్నంత సేపూ చౌడేశ్వరి కళ్ళు పోగుల మీద లేవు. గోడ వెలుగుకు ముఖం పక్కకు తిప్పి ఉంది, చూపు ఎటో ఖాళీలో ఉంది. వెతకడానికి కూడా కంటిని వాడలేదు. వాడడం ఎప్పుడో మానేసినట్టు ఉంది ఆ వాటం.

"సూడకుండానే కడ్తాండావే" అంది సుబ్బక్క.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"సానా దినాలాయమా. ముక్కు ఆనిచ్చి సూసినా పోగు పొగ పట్టినట్టుంటాది. చేతి ఏళ్ళకు తెలుస్తాది గదా, అట్లనే నేసుకుంటాండా. రంగులు మారేకాడ నాయన్ను పిలిచి అడుగుతా."

"మీ నాయనకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు జెప్పల్యా?"

చౌడేశ్వరి తెగిన నూలు ముక్కను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "జెప్పబోతే నువ్వుండుమే అంటావు. అడిగింటే జెప్పేదాన్ని. నువ్వు అడగల్యా. గోడకు ఏ రంగని అందరినీ అడిగితివి."

సుబ్బక్క నీ కోసరమే కదా అనబోయింది. నోటిదాకా వచ్చిన ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. అయ్యన్న తనను దాటి గురప్ప వైపు చూసిన చూపు, ఫోన్లో కొడుకు గమ్మునుండు అన్న గొంతు, ఈ నాలుగు రోజులూ ఆమె వాటిని పంటికింద రాయిలా కొరుకుతూ తిరిగింది. అట్లాంటి రాయినే, తను మజ్జిగ కలపమని పంపినప్పుడు, ఈ పిల్ల కూడా కొరుక్కుని ఉంటుంది. ఒక్కసారి కూడా బయటికి ఉమ్మలేదు.

తాడు పట్టుకుని లేవబోయింది, మోకాలు పట్టేసింది. చౌడేశ్వరి చంక కింద చెయ్యి వేసి పైకి లాగింది. గుంట అంచున ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, గోడకు వీపు తిప్పి.

"ఆస్పత్రిలో మగ్గం మానుకోమంటేనో" అంది సుబ్బక్క. అది అడగడం కాదు, లోపల తిరుగుతున్నది బయటికి వచ్చింది.

"అన్నప్పుడు సూద్దాం."

"మందు పోస్తారేమో."

"పొయ్యనీ."

"అద్దాలు పెట్టుకోమంటే?"

"పెట్టుకుంటా" అంది చౌడేశ్వరి. "నాకు కనపడాలమా. ఈ చీర అయిపోతే అంచు ఎట్లుండాదో నేను సూడాల. నేనే నేసి, ఎట్లుండాదని మందిని అడగల్నా నేను?"

వసారాలో నిచ్చెన చప్పుడైంది. తలుపులకు రెండో కోటింగు వేయడానికి అయ్యన్న వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూశాడు. కింద కుప్పగా పడి ఉన్న పాత చీర, గోడలో మేకులు, పెచ్చులేచిన రంగు. అతని ముఖంలోకి నవ్వు వస్తూ వస్తూ ఆగింది.

"ఏమక్కా, అప్పుడే మేకులు దింపినారే. షైనింగు కంట్లో కొడ్తాందా?"

సుబ్బక్క కింద పడిన చీరను దగ్గరికి లాక్కుంది.

"ఎమరీ పేపర్ పెట్టి మెరుపు గీకేసి, మీద మ్యాట్ ఒక సుట్టు తిప్పితే సరిపోతాదిలే. వంటింట్లో మిగిలింది ఉండాది. జెప్పు, ఏం జేద్దాం ఈ గదికి?"

ఈసారి అతను అడిగింది ఆమెనే. ఆమె వైపే చూస్తూ, జవాబు కోసం నిలబడి అడిగాడు. నాలుగు రోజులుగా ఆమె ఎదురుచూసిన చూపు అది.

"నన్నెందుకు అడుగుతావప్పా" అంది సుబ్బక్క. "కూచునేది అది. దాన్నడుగు."

అయ్యన్న చౌడేశ్వరి వైపు తిరిగాడు. ఆమె లేచి, గోడ దగ్గరికి పోయి, మేకు పక్కన లేచిన పెచ్చును వేలితో తడిమింది.

"ఇప్పుడే ఏం జెయ్యాకన్నా" అంది. "నాకు కండ్లు సరిగ్గా కనపడల్యా. కడపకు పోయి సూపిచ్చుకొని, అద్దాలిస్తే పెట్టుకొని వస్తా. అప్పుడు గోడ సూసి జెప్తా నీకు ఏది కొట్టాల్నో."

ఊరంతా తిరిగి రంగులు వేసే మనిషి ముందు ఆ మాట అంత మామూలుగా బయట పడింది. రేపు పొద్దుటికల్లా ఎవరెవరి గుమ్మాల్లో ఆ మాట నడుస్తుందో సుబ్బక్కకు ఇంటి పేర్లతో సహా కనబడింది. కూతురి మాటకు అడ్డం పడడానికి నోరు తెరిచింది.

తెరిచిన నోటితోనే అయ్యన్నను, "కడప బస్సు మల్ల ఏ యాళకు ఉండాదప్పా?" అని అడిగింది.